బొంజుబాబు కడిగిన కుండ

"దాని పనే గురుమాయీ, ఆ దాసుమతి పనే! దాని కన్ను పడకపోతే నా లంద ఎందుకు కుళ్లిపోద్ది? కుండ కడగడం రాదా నాకు? ఈ ఊళ్లో నాకన్నా శుభ్రంగా కడిగేవోడు ఎవడున్నాడో చెప్పు!"

బొంజుబాబు అరుపుకి వాకిట్లో కోళ్లు బెదిరిపోయాయి. ముసలి సొనాయి మాత్రం అరుగు మీద కూచుని చాటలో చోళ్లు చెరుగుతానే ఉంది. ఆ కొండ ఊరికి గురుమాయి ఆమే. పూజలు చేసేదీ ఆమే, దేవతకి పెట్టే లంద ఎలా చెయ్యాలో నేర్పేదీ ఆమే. బొంజుబాబు ఆమె దగ్గరే నేర్చుకుంటున్నాడు.

లందంటే బ్రహ్మవిద్యేం కాదు. చోడిపిండి, అంటే రాగిపిండి, అంబలి కాచి, చల్లార్చి, మొలకెత్తిన చోళ్ల పిండి కలిపి, కుండలో పోసి మూతి కట్టెయ్యడమే. అదే పొంగుతాది, తియ్యతియ్యగా పుల్లపుల్లగా అవుతాది, కాస్త మత్తెక్కుతాది. కష్టమంతా కుండ దగ్గరే. లోపల ఏ కాస్త మురికున్నా లంద చెడిపోద్ది.

ఈసారి కొత్తపంట పండక్కి దేవత ముందు పెట్టే కుండని గురుమాయి మొదటిసారి బొంజుబాబు చేతికిచ్చింది. తీరా మూత విప్పితే పైన తెల్లటి బూజు, లోపల చచ్చిన ఎలక కంపు. ఊరందరి ముందూ.

"ఒరే బొంజూ, ఇది దేవతకా, గేదెలక్కలిపిన కుడితా?" అన్నాడొకడు. అందరూ విరగబడి నవ్వారు.

ఆ నవ్వు వాడు మింగలేకపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది వాడికి, తను కుండలో అంబలి పోస్తుంటే ఎదురింటి దాసుమతి నిప్పు అడగడానికి గుమ్మంలోకి వచ్చిందని. మొగుడు పోయి ఒక్కతే బతుకుతున్న మనిషి. అంతే, చిల్లంగి పెట్టిందన్నాడు. చేతబడి చేసిందని ఒకసారి మాట పుడితే ఆ ఊళ్లో ఇంక ఆ మనిషికి నీళ్లు పుట్టవు. ఇల్లు పీకేసి తరిమేస్తారు. ఆ మాటనే బొంజుబాబు పొద్దున్నించీ ఇంటింటికీ మోసేడు.

ఊరిపెద్ద డొంబ్రు నలుగురిని వెంటేసుకుని వచ్చేశాడు. దాసుమతిని కూడా లాక్కొచ్చారు.

"నువ్వు ఊఁ అను గురుమాయీ. పొద్దు గూకేలోగా పొలిమేర దాటించేస్తాం."

దాసుమతి కళ్లల్లో నీళ్లున్నాయి గానీ గొంతులో లేవు. "నీ కుండలోకి తొంగి చూడ్డానికి అందులో ఏటి బంగారం ఉందిరా సచ్చినోడా? నిప్పుకోసం వచ్చాను. అదీ ఇవ్వలేదు నువ్వు!"

"చూశావా గురుమాయీ, ఎలా అరుస్తందో!" అన్నాడు బొంజుబాబు, తనేదో గుసగుసలాడుతున్నట్టు.

గురుమాయి చాట పక్కన పెట్టింది.

"బొంజూ, అదిగో ఇంకో కుండ. ఆ రోజు ఎలా కడిగేవో అలాగే కడుగు. నాను చూస్తాను."

వాడికి ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లు చాకిరీ చేస్తే ఇప్పుడు తనకే పరీక్షా? పళ్లు కొరుక్కుంటూ కుండ ముందుకి లాక్కున్నాడు. గడ్డిచుట్టతో బూడిదేసి లోపలా బయటా తోమాడు. "చెయ్యెట్టి చూడండి! జిడ్డుంటే నన్నడగండి!" అన్నాడు డొంబ్రు మొహం మీదకి వంగి. మరిగే నీళ్లు పోసి కుండని గిరగిరా తిప్పి పారబోశాడు. ఎండలో బోర్లించాడు. ఆరేక పచ్చి కొమ్మలు వేసి పొగబెట్టి, ఆ పొగ మీద బోర్లించాడు.

ఒక్కటీ తప్పు లేదు. వచ్చినవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. డొంబ్రు తలాడించాడు. దాసుమతి మొహంలో నెత్తురు లేదు.

బొంజుబాబు గర్వంగా కుండ ఎత్తాడు. లోపలంతా సన్నగా మసి పట్టి ఉంది. భుజం మీద తుండు లాగి, లోపల చెయ్యి పెట్టి గుండ్రంగా తుడవడం మొదలెట్టాడు.

"ఎందుకురా తుడుస్తున్నావు?"

"మసి గురుమాయీ! దేవతకి మసికుండ పెడతామా? అద్దంలా ఉండొద్దూ?"

గురుమాయి చెయ్యి చాపింది. "ఆ తుండు ఇలా తే."

గిన్నెడు మంచినీళ్లు తెచ్చుకుని, తుండు అందులో ముంచి, పిసికి, పిండింది. నీళ్లు గోధుమరంగుకి తిరిగాయి. గిన్నె వాడి చేతిలో పెట్టింది.

"తాగు."

"ఛీ! ఏటి గురుమాయీ ఇది? పొద్దున్న ఎద్దు ముక్కు తుడిచిన గుడ్డది! నా చెమటంతా దాన్లోనే..."

వాడి చూపు గిన్నెలోంచి కుండ మీదకి పోయింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. డొంబ్రు దగ్గి, తన కాళ్లకేసి చూసుకున్నాడు. వెంటొచ్చినవాళ్లలో ఒకడు మెల్లగా జారుకున్నాడు.

"తప్పయిపోయింది గురుమాయీ," అని గొణిగాడు బొంజుబాబు.

"నాతో ఎందుకురా?"

వాడు దాసుమతి వైపు తిరిగాడు. ఆమె మొహం తిప్పేసుకుంది.

గురుమాయి గొంతు అప్పుడు లేచింది, అంతవరకూ లేవంది.

"ఏ ఏ ఇంట్లో దాసుమతి పేరు చెప్పేవో, ఆ ఇంటికల్లా ఈ గిన్నె పట్టుకెళ్లు. ఏటిది అని అడుగుతారు. నువ్వే చెప్పు."

బొంజుబాబు గిన్నె పట్టుకుని లేచాడు. వీధిలో అప్పటికే జనం నిలబడి ఉన్నారు. వాడు గోడవారగా ఉన్న, విస్తర్లు కుట్టే అడ్డాకొకటి అందుకుని గిన్నె మీద వెయ్యబోయాడు.

గురుమాయి అంది, "మూత పెట్టకురా."