అద్దాల మేడ ఎక్కబోయిన పీత

ఉత్తరాన ఎముకలు కొరికే చలి సముద్రం. దాని అడుగున పొద్దు పొడిచేదీ లేదు, కుంకేదీ లేదు. అంతా బురద, చీకటి, ఆ రెంటి మీదే బతికే చిన్నాచితకా జనం. ఆ బురదలో చచ్చిపడిన తిమింగలం ఎముక ఒకటుంది. దాని బొరియలో నూకాలు అనే బుల్లి రొయ్య కాపురం. బియ్యపు గింజంత ఒళ్లు, కళ్లు లేవు, పొట్ట కింద సంచి నిండా గుడ్లు. ఎముకలో కొవ్వు ఇంకా మిగిలే ఉంది కాబట్టి, రేపు పిల్లలు పుట్టినా తిండికి లోటుండదు.

ఆ ఎముక మీద గవర్రాజు కన్ను పడింది. గవర్రాజంటే పీత. డెక్కలు పెద్దవి, మాటలు అంతకంటే పెద్దవి. లాగి పారేద్దామంటే, గుడ్లు మోస్తున్న తల్లిని గూటి నుంచి కదపకూడదని అక్కడి కట్టుబాటు. తనంతట తానే పోయేలా చెయ్యాలి మరి.

అప్పుడప్పుడు పైనుంచి ఓడవాళ్లు వల దించుతుంటారు. కొత్త జాతుల్ని వెతికే పండితులట. నత్త అప్పన్న తాత ఓసారి ఆ వలలో పోయి తిరిగొచ్చాడు. "ఇది మనకు తెలిసిందేలే" అని తాతని నీళ్లలోకి గిరాటేశారు. ఎన్నడూ చూడనివాళ్లని మాత్రం సారా పోసిన సీసాలో వేసి, మూత బిగించి, పేరు పెట్టారట. వాళ్లలో ఒక్కడూ వెనక్కి రాలేదు.

మళ్లీ వల దిగేసరికి గవర్రాజు బొరియ ముందు వాలాడు.

"నూకాలూ, నీ పంట పండిందే! నీలాంటిదాన్ని పైవాళ్లు పుట్టి బుద్ధెరిగి చూళ్లేదు. వెళ్లి వలలో కూర్చో, పేరు పెడతారు."

"పేరు నాకుందిగా బాబూ."

"అదీ ఒక పేరేనా? పండితులు పెట్టే పేరంటే నోరు తిరగదు! ఆపైన అద్దాల మేడ."

"తాత సీసా అన్నాడే?"

"నత్తకేం తెలుసే మేడ సంగతి? మెడదాకా సారా, అడక్కుండానే! దేశదేశాలవాళ్లు వరసకట్టి చూసిపోతారు. బొమ్మ గీసి పుస్తకంలో వేస్తారు." చెబుతున్నకొద్దీ గవర్రాజుకే నోరూరింది.

నూకాలు ఆలోచించింది. వీడు తనని కదిలించేదాకా వదలడు. పోతే పిల్లలు పుట్టకముందే సీసాపాలవుతారు. భయాన్ని దిగమింగి, గొంతులో తేనె కలిపింది.

"మీవంటి పెద్దలుండగా నేను మేడెక్కితే ఊరేమంటుంది బాబూ? ఆ డెక్కలకి అద్దాల మేడ ఎంత నిండుగా ఉంటుందో!"

గవర్రాజు డెక్కలు తడుముకున్నాడు. "నిజమే గానీ, పీతంటే వాళ్లకి తెలుసే. గిరాటేస్తారు."

"తెలియకుండా ముస్తాబవండి. వీపంతా ఇక్కడ రాళ్లకి పెరిగే స్పాంజి అంటించుకుంటే మిమ్మల్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు."

"ఓసి నీ తెలివి తగలెయ్యా!"

బురదలో పొర్లి, స్పాంజి ముక్కలు అంటించుకుని పెళ్లికొడుకులా బయల్దేరాడు. అప్పన్న తాత ఒళ్లు ఈడ్చుకుంటూ వెంటపడ్డాడు. "ఒరేయ్, అది మేడ కాదురా! నేను చూశాను!"

"నిన్ను గిరాటేశారని కుళ్లు తాతా నీకు!"

ఆ మాట పూర్తయ్యేలోగా వల ఇద్దర్నీ ఎత్తుకుపోయింది.

చాలాసేపటికి తాత ఒక్కడే దబ్బున వచ్చి బురదలో పడ్డాడు. నూకాలు ఆత్రంగా అడిగింది, "ఏమైంది తాతా?"

"పైన ఒకటే కేకలు! 'కొత్త జాతి, కొత్త జాతి' అని గడ్డం పండితుడు గంతులేశాడు. మనవాడు విరుచుకుని నిలబడ్డాడు. అంతలో ఒక పండితురాలు కుంచెతో వీపు రుద్దింది. స్పాంజి కాస్తా ఊడింది. 'ఛీ, మామూలు పీత!' అనేసింది."

"అయితే గిరాటేశారా?"

"వేసేవాళ్లే. నన్ను వేశారుగా! ఈలోగా వంటవాడు గిన్నె పట్టుకుని, 'ఆగండాగండి, పీతని నాకివ్వండి' అంటూ పరిగెత్తుకొచ్చాడు."

నూకాలు నోరు నొక్కుకుంది. "అయ్యయ్యో! నేను మేడెక్కమన్నాను గానీ పొయ్యెక్కమన్లేదు తాతా!"

అబద్ధాన్ని మరీ సింగారిస్తే, ముందు దాని మీద మోజుపడేది సింగారించినవాడే.