మామిడిపళ్ళు లేని బుట్ట

ఇంతకుముందు నేనేదీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేశాను. ఉత్తరాలు కూడా చెల్లెలి చేతే రాయించేదాన్ని. మా అమ్మమ్మ వేసవిలో ఆరబెట్టిన మామిడితాండ్ర కాకులు ముట్టకుండా కాపలా కాస్తూ చెప్పిన కథ ఇది. ఆవిడ పోయాక చెప్పేవాళ్ళు లేరు, అందుకని రాస్తున్నాను.

సముద్రం ఒడ్డున కొంగలరేవు అని ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని మార్తాండ భూపతి ఏలేవాడు. మనిషి మంచివాడే గాని, పూటకోసారి తన వంశం గొప్ప చెప్పుకోకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆ ఊళ్ళోనే షరాబు మస్తానయ్య ఉండేవాడు. ఓడల మీద వచ్చే పరదేశపు నాణేలు చూసి, ఏ దేశానివో ఏ ఏటివో చెప్పడం ఆయన పని. ఆయన కూతురు దస్తగిరమ్మ భర్త పోయి పుట్టింటికి చేరింది. నలభై దాటిన మనిషి, నలుగురిలో నోరు విప్పేది కాదు. తండ్రికి చూపు మందగించాక నాణెం మీది అంకెలు ఆవిడే చదివి చెప్పేది.

ఒకనాడు కోటలో పునాది తవ్వుతుంటే అరబ్బుల బంగారు నాణెం ఒకటి బయటపడింది. దాని అంచున ఒక చిల్లు. మీద తొమ్మిది వందల ఏడని వాళ్ళ హిజరీ లెక్క.

ఆస్థాన జ్యోతిష్కుడు కూర్మదైవజ్ఞులు వేళ్ళు మడిచాడు. "వాళ్ళ శకం మన శాలివాహన శకం ఐదు వందల నలభై నాలుగులో మొదలైంది. దానికి ఇది కలిపితే పద్నాలుగు వందల యాభై ఒకటి. ఏలినవారి ముత్తాతగారు పట్టం కట్టుకున్న ఏడు సరిగ్గా అదే. పరదేశపు సుల్తాను భయపడి పంపిన కప్పం ఇది" అన్నాడు.

రాజు పొంగిపోయి సభ పిలిపించాడు. అందరూ అవునన్నారు, మస్తానయ్య తప్ప.

"ఇది అంతకంటే ఇరవై ఏడేళ్ళు పాతది ప్రభూ. వాళ్ళ ఏడాది మనదానికన్నా పొట్టిది."

"ఏడాదికి పొట్టీ పొడుగూ ఏమిటయ్యా, అదేమన్నా సొరకాయా? ఏడాదంటే ఎక్కడైనా ఏడాదే" అన్నాడు దైవజ్ఞులు. సభంతా నవ్వింది.

రాజుకు కోపం వచ్చింది. మస్తానయ్య గీటురాయి లాక్కోమన్నాడు. పీర్ల పండుగ కాగానే ఊరు విడిచి పొమ్మన్నాడు.

ఇంట్లో నలభై ఏళ్ళు ఆ రాయి ఉన్నచోట నేల గుంటపడి ఉంది. ముసలాయన ఆ గుంటలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏ ఊరని పోతాం తల్లీ? మీ అమ్మ పోయింది ఈ ఇంట్లోనే. ఈ రాజే పట్టం కట్టుకున్న ఏడు పీర్ల పండక్కి ఊరంతటికీ మామిడిరసం పానకం పోయించాడు. ఎన్ని పళ్ళు, ఎంత వాసన. వీధంతా ఈగలే. ఇప్పుడు చూడు, చలికాలంలో వచ్చిపడింది పండగ. ఉత్త బెల్లం పానకమే."

గోడకు ఆనుకున్న దస్తగిరమ్మ చటుక్కున లేచింది. వెదురుబుట్ట మీద గుడ్డ కప్పి, అది చంకన పెట్టుకుని సభకు నడిచింది.

రాజుకు దణ్ణం పెట్టి, దైవజ్ఞుల ముందు బుట్ట దించింది.

"దైవజ్ఞులు గారూ, ఏడాదంటే ఎక్కడైనా ఒకటేనన్నారు కదండీ?"

"అన్నాను."

"పీర్ల పండగ వాళ్ళ లెక్కన ఏడాదికి ఒకసారే కదండీ?"

"ఒకసారే."

"ఏలినవారు పట్టం కట్టుకున్న ఏడు ఆ పండక్కి మామిడిరసం పోశారు. తమరూ తాగారు."

"రెండు ముంతలు తాగాను" అన్నాడు దైవజ్ఞులు, ఆ రుచి తలుచుకుని.

"అయితే ఈ పండక్కీ పళ్ళు పండి ఉండాలి కదండీ. తమ లెక్క నమ్ముకుని కోసుకొచ్చాను, ఆరగించండి."

దైవజ్ఞులు గుడ్డ తీశాడు. బుట్ట ఖాళీ.

"ఇందులో ఏమీ లేదే?"

"మామిడిచెట్టుకు తమ లెక్క తెలియదేమోనండి."

రాజు మీసాల చాటున నవ్వు కదిలింది. "విడమరిచి చెప్పు, దస్తగిరమ్మా" అన్నాడు.

"ఏలినవారు పట్టం కట్టుకుని పదహారేళ్ళయింది. అందులో మనకు ఆరు అధికమాసాలు వచ్చాయి. వాళ్ళకు అధికమాసం లేదు. అందుకే అప్పుడు జ్యేష్ఠంలో వచ్చిన పండగ ఆరు నెలలు వెనక్కి జారి మార్గశిరంలో పడింది. మనకు ముప్పై రెండేళ్ళు నిండేసరికి వాళ్ళకు ముప్పై మూడు నిండుతాయి. ముప్పై మూడుకు ఒకటి చొప్పున తొమ్మిది వందల ఏడులోంచి ఇరవై ఏడు తీసేయాలండి."

రాజు మొహం వాడింది. "అంటే ఇది కప్పం కాదన్నమాట. అప్పటికి మా ముత్తాత రాజే కాదు."

"కాదు ప్రభూ. అప్పటికి ఆయన రేవులో ఓడల మీంచి గుర్రాలు దింపేవారని మా పెద్దలు చెప్పుకునేవారు. ఆ చిల్లు చూడండి, తాడు ఒరిసి నున్నబడింది. రాజులు బంగారాన్ని పెట్టెలో దాస్తారు. చెమటోడ్చి సంపాదించినవాడు మొలతాడుకు కట్టుకుంటాడు. కప్పానికి ఇంత అరుగుదల రాదు ప్రభూ."

రాజు నాణేన్ని బొటనవేలితో నిమిరాడు.

"చిన్నప్పుడు నేను పెంకితనం చేస్తే మా నాయనమ్మ 'గుర్రపుసాల బుద్ధులు ఎక్కడికి పోతాయి' అనేది. తిడుతోందనుకున్నాను. పాపం, వంశచరిత్ర చెప్పేదన్నమాట" అని పకపకా నవ్వాడు. రాజు నవ్వాక సభ ఆగుతుందా?

గీటురాయి తన చేత్తోనే తెచ్చి ఇచ్చాడు. రేవులో దిగే పరదేశపు నాణెం ఏదైనా ఇకమీదట ముందు దస్తగిరమ్మే చూడాలని శాసనం చేశాడు. నాణెం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, మొలతాడుకు కట్టుకున్నాడు. ఖాళీబుట్ట దైవజ్ఞులకు బహుమానం.

మర్నాడు పొద్దున్నే దస్తగిరమ్మ గీటురాయి కడిగి, నేల మీది గుంటలో పెట్టి, తండ్రి చెయ్యి దానిమీద ఉంచింది. తర్వాత అటక మీంచి వేసవినాటి మామిడితాండ్ర దింపి, గోరువెచ్చటి నీళ్ళలో నానేసి, బెల్లం కలిపి, పీర్లచావడి ముందు పానకం పోయడానికి కూర్చుంది. ఆ వాసనకు వీధంతా కదిలింది. వరసలో చివరన ఎవరో తలకు కండువా కప్పుకుని నిలబడ్డారు. దగ్గరికి వచ్చాక చూస్తే కూర్మదైవజ్ఞులు.

ఆవిడ ఆయనకు రెండు ముంతలు పోసింది.