పడ్డది ఎవరు?

"నేను పడిన రోజున, నా నీడ ఉన్నంత మేరా ఎండంతా మీదేనర్రా పిల్లలూ!"

ముసలి మద్దిమాను తన కింద మొలిచిన ఇప్పమొక్కలకు అలా మాటిచ్చింది. కొండలు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకునే రోజుల నాటి ముచ్చట ఇది.

ఒక కార్తీకంలో పెనుతుఫాను వచ్చింది. మద్దిమాను మోకాలెత్తున విరిగి నేలకూలింది. ఇప్పమొక్కల మీద పుట్టి బుద్ధెరిగాక తొలిసారి ఎండ పడింది. అవి ఆకులతో చప్పట్లు కొట్టాయి, ఊగాయి, ఆడాయి.

ఆ ఆట ఎన్నాళ్లో సాగలేదు. విరిగిన మొదలు నుంచి పది చిగుళ్లు లేచాయి. వేళ్లు పాతవి, ఆకలి కొత్తది. వేసవి దాటేసరికి అవి మనిషెత్తు పెరిగి ఎండను మళ్లీ కప్పేశాయి. మొక్కలు పాలిపోయి ఒక్కొక్కటే వాలిపోసాగాయి.

అన్నిట్లోకీ చిన్నదైన ఇప్పమొక్కకు ఒళ్లు మండింది. "మొలిచినవారిదే నేల! చీకటి నశించాలి! ఎండ మా జన్మహక్కు!" అని అరిచింది.

"గొంతు కాదే పిల్లా, కాండం పెంచు," అని నవ్వింది మద్ది.

రెండోసారి బతిమాలింది. "మాటిచ్చావు కదా తాతా!"

"పడిన రోజున అన్నాను. నేను పడనే లేదే! నా వేళ్లు నేలలోనే ఉన్నాయి."

మూడోసారి ఇప్పమొక్క చిలకతో కబురంపి అడవి పెద్ద ఎలుగుబంటిని పిలిపించింది. "పెద్దయ్యా, తాత పడలేదట. మరి ఇక్కడ పడున్న ఈ మొద్దు ఎవరిదో అడుగు."

"నాకేం తెలుసు? నాది మాత్రం కాదు," అంది మద్ది.

"దిక్కులేని మొద్దా? అయితే వాగులోకి దొర్లించేస్తా," అంటూ ఎలుగు భుజం ఆనించింది.

"అయ్యయ్యో, ఆగు! అది కుళ్లితేనే కదా నా వేళ్లకు బలం! నాదే, అది నా ఒళ్లే!"

"అయితే పడ్డది నువ్వే!" అంది ఇప్పమొక్క. అడవంతా గొల్లున నవ్వింది.

"ఒక్క చిగురు ఉంచుకో. తక్కిన తొమ్మిదీ జింకలకు విందు," అని ఎలుగు తీర్పు చెప్పింది.

జింకలు మేశాయి, మొక్కల మీదికి ఎండ దిగింది. ఇప్పమొక్కలు మూరలు మూరలుగా లేచి మానులయ్యాయి. వాటి పూలు రాలినప్పుడల్లా ఎలుగు వచ్చి మెక్కేది. "ఇది లంచం కాదు సుమా," అనేది మూతి తుడుచుకుంటూ.

ఇచ్చిన మాటలో సందు వెతికేవాడు ఆ సందులోనే చిక్కుకుంటాడు. మా కొండ కింద నిలబడి మాకూ ఇలాగే మాటలిచ్చిన పెద్దలారా, మీ మాటకు అర్థమేమిటో వచ్చే శ్రావణ పౌర్ణమిలోగా జవాబు చెప్పండి!