దప్పికమ్మ గుట్టను నోరు కట్టుకుని ఎక్కే ఆచారం

ఎర్రబండల మధ్య, మెట్లు లేని ఈ గుట్ట మీద దప్పికమ్మ కొలువై ఉంది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఒళ్ళో పాపతో కూర్చున్నట్టుండే ఒక బండ, దాని ముందు పగిలిన ముంత పెంకులు. ఇంతేనా అని మొగం ముడుచుకునేవారు కింద నుంచే దండం పెట్టుకుని పోవచ్చు, అమ్మ ఏమీ అనుకోదు. ఎక్కదలచిన మగవారు మాత్రం నోటికి గుడ్డ కట్టుకోవాలి, చేత నీళ్ల ముంత పట్టుకోవాలి. ఎందుకో తెలియకుండా కట్టుకునేవారి కోసమే ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ సుంకక్క అనే ఆమె మేకలు మేపుకుంటూ, కూతురు ఈరమ్మతో ఉండేది. ఒక ఎండాకాలం ఈరమ్మకు జ్వరం కాసింది. నీళ్లు తోడుకునే చెలమ ఎండిపోయింది. మిగిలింది ఒక్క ముంతెడు నీళ్లు. మందాకు కోసం వాగు అవతలికి పోవాలి, బిడ్డను చూసేవారు లేరు. సరిగ్గా అప్పుడే, రాజసభకు వాదానికి పోతూ ఇద్దరు పండితులు వచ్చి బండ నీడన కూర్చున్నారు. ఒకడు సోమయాజి, పరమ ఆస్తికుడు. రెండవవాడు విరూపాక్షయ్య, తన పేరులో తప్ప దేవుడు ఎక్కడా లేడనేవాడు.

"సామీ, బిరీన వస్తా. పాప అడిగినప్పుడల్లా గుక్కెడు నోట్లో పొయ్యండి. ఈ ముంత తప్ప సుక్క లేదు" అంది సుంకక్క.

"పోయిరామ్మా, మేము లేమా!" అన్నారు ఇద్దరూ.

"తాతా, నీళ్లు" అంది ఈరమ్మ. సోమయాజి ముంత అందుకున్నాడు. పోసేలోపే జ్వరంలో పిల్ల ఇంకో మాట అడిగింది. "మాయమ్మ నన్ను యాడ నుంచి తెచ్చినాది? సచ్చిపోతే మల్లా ఆడికే పోతానా?"

అడగకపోతే బతికేది.

సోమయాజి ముంత పైకెత్తాడు. "చూశావా, కుమ్మరి లేకుండా కుండ పుట్టదు. నిన్ను చేసినవాడు ఒకడున్నాడు. వాడి దగ్గరికే పోతావు."

"పసిదానికి అబద్ధాలెందుకయ్యా? ఇలా తే." విరూపాక్షయ్య ముంత లాక్కున్నాడు. "మన్ను కుండ అయింది. పగిలితే మన్నే. పోయేదీ లేదు, వచ్చేదీ లేదు."

"పగిలితే లోపలి ఆకాశం, అంటే ఆత్మ, ఏమవుతుంది? చెప్పు!" అన్నాడు సోమయాజి.

"ఏమవుతుందో నువ్వే చూడు!" అని విరూపాక్షయ్య ముంతను బండకేసి కొట్టాడు.

నీళ్లు మట్టిలో ఇంకిపోయాయి. వాదం మాత్రం సాగింది. "నీళ్లు, నీళ్లు" అని పిల్ల అంటూనే ఉంది. అది శాస్త్ర ప్రశ్న కాదు గనుక ఎవరూ జవాబు చెప్పలేదు.

సుంకక్క ఆకు పట్టుకుని వచ్చేసరికి బిడ్డ చల్లబడి ఉంది. ఆమె పెంకులను చూసింది, తడి మట్టిని చూసింది. "ఎవరు గెలిచినారు సామీ?" అని అడిగింది.

"ప్రారబ్ధమమ్మా" అన్నాడు సోమయాజి. "ప్రకృతి ధర్మం" అన్నాడు విరూపాక్షయ్య. తప్పు తమది కాదన్నచోట ఆస్తికుడూ నాస్తికుడూ ఎంత చక్కగా కలిశారో!

"నోర్లు కట్టుకోని, సేతులతో నీళ్లు మొయ్యండి. అంతదాకా నా గుట్ట ఎక్కొద్దు" అని, బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. మళ్ళీ లేవలేదు. రాయి అయిపోయిందంటారు. అయిపోదా మరి!

నేటికీ ప్రతి శుక్రవారం గుట్ట కింది కుమ్మరులే ముంతలు ఇస్తారు. నామాలు పెట్టినవారూ వస్తారు, దేవుడు లేడని మైకుల్లో చెప్పేవారూ వస్తారు. ఇద్దరికీ అదే గుడ్డ, అదే ముంత. పైన బండ ముందు ఊరి ఆడపిల్ల ఒకతె కూర్చుని ఉంటుంది. తెచ్చిన నీళ్లు ఆ పిల్లకు తాగించాలి. "చాలు" అని పిల్ల అన్నాకే నోటి గుడ్డ విప్పాలి. దారిలో ముంత పగిలితే మళ్ళీ కిందికి దిగాల్సిందే.

ఈ సేవకు ఫలమేమిటని చాలామంది అడుగుతారు. పిల్ల దప్పిక తీరుతుంది. అది చాలదనిపించినవారు గుడ్డ విప్పకుండానే దిగిపోవాలని మనవి.