పీచు మరిడి కట్టిన తలుపు

అనగా అనగా, సముద్రం ఇప్పటికంటే నాలుగు బారలు వెనక్కి పడుకునే రోజుల్లో, గవ్వలపాలెం అని ఒక ఊరు. ఊరంటే ఎంత? ఇసుక దిబ్బ మీద తాటాకు పాకలు, వాటి మధ్య ఒకే ఒక్క మట్టిగోడల పెంకుటిల్లు. ఆ ఇల్లు కులపెద్ద గనియ్యది. సముద్రం వైపు ముఖం. ముందు అరుగు, అరుగు మీద తాటి స్తంభాలు, రెండు రెక్కల తలుపు. ఆ తలుపును చూసుకుని గనియ్య కాస్త ఎక్కువే మురిసేవాడు.

ఊరి చివర పాకలో పీచు మరిడి ఉండేది. కొబ్బరి పీచు నానబెట్టి, దంచి, తాళ్ళు పేనేది. పడవను కట్టాలన్నా మరిడి తాడే, మేకను కట్టాలన్నా మరిడి తాడే, పాక కప్పు కట్టాలన్నా మరిడి తాడే. తాడు కావాలి గానీ మరిడి ఎవరికీ అక్కర్లేదు. ఎందుకంటే, చాలా ఏళ్ళ కిందట ఒక గాలివాన మధ్యలో ఆమె తలుపు తీసింది. గాలి ఆగిందనుకుని తీసింది. బయటికెళ్ళిన మొగుడూ, వాడి భుజం మీది బిడ్డా మళ్ళీ రాలేదు. ఆ చెయ్యి పడిన గడప నిలవదని ఊరంతా అనుకునేది. కుండ మూతి మూయొచ్చు గానీ ఊరి మూతి మూయలేం కదా.

ఒక ఏడు కార్తీకంలో ఆకాశం పసుపు తిరిగింది. కాకులు ఊరొదిలి పోయాయి. కుక్కలు మొరగడం మానేశాయి. తెల్లవారేసరికి జనమంతా గనియ్య ఇంట్లో చేరారు, కుండలతో, కోళ్ళతో, మేకలతో, పిల్లలతో. గనియ్య తన వలలన్నీ తెచ్చి తలుపు పక్కన గుట్ట పోశాడు. ఆ గుట్టకి ఆనుకుని ముత్యాలు అనే చిన్నది కూర్చుంది. ఆమె మొగుడు దానయ్య ముందు రోజు వేటకెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. ఎప్పుడు వచ్చి తలుపు తడతాడా అని పిల్ల ప్రాణమంతా తలుపు మీదే ఉంది.

అందరికంటే ఆఖర్న మరిడి వచ్చింది, భుజాన తాడు చుట్టతో.

"కాసింత జరగండమ్మా, ఓ మూల ముడుచుకుంటాను," అంది మేకలవాళ్ళతో. మేకలు బెదురుతాయన్నారు వాళ్ళు.

"కాసింత జరగండమ్మా," అంది కుండలవాళ్ళతో. గంజి ఒలుకుతుందన్నారు వాళ్ళు.

"కాసింత జరుగు బావా," అంది గనియ్యతో. వలలు తడిస్తే కుళ్ళిపోతాయి, ఇంక చోటెక్కడిది అన్నాడు గనియ్య.

ముత్యాలు తల వంచుకుంది. ఆమె కూడా జరగలేదు. మరిడి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. వెనక గడియ పడింది. మేకకు చోటుంది, కుండకు చోటుంది, వలకు చోటుంది, మనిషికి లేదు. చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గాలి వచ్చింది. ఇంటి వెనక నుంచి వచ్చింది. పాకలు ఒకదాని తర్వాత ఒకటి లేచిపోయాయి. పెరట్లో కొబ్బరిచెట్టు కూలి పెరటి తలుపుకు అడ్డంగా పడింది. అరుగు ముందు వైపు ఉంది గనక, గోడ చాటున మరిడి బతికింది.

మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది.

మొదట నిశ్శబ్దం పిలిచింది. అంత హోరు విన్న చెవులకు ఆ నిశ్శబ్దం ఎంత బాగుంటుందో చెప్పలేం. తలుపు సందులోంచి ఎండ పడింది. పిల్లలు బయటికి పోతామని పేచీ పెట్టారు.

తర్వాత చేపలు పిలిచాయి. గనియ్య సందుకు కన్ను ఆనించి చూశాడు. సముద్రం కనబడలేదు. ఎక్కడికో వెనక్కి పోయింది. అది ఖాళీ చేసిన ఇసుక నిండా చందువాలు, వంజరాలు తెల్లగా ఎగిరెగిరి పడుతున్నాయి. నోటి దాకా వచ్చిన కూడు ఎవడు వదులుకుంటాడు? తట్టలు తీయమని కేకేసి, గడియ తీసి, తలుపు లాగాడు.

తలుపు రాలేదు.

"లాగొద్దు బావా," అంది బయట నుంచి మరిడి. "కట్టేశాను."

తలుపు కడియాల్లో తాడు దూర్చి, అరుగు స్తంభానికి చుట్టి, మూడు ముళ్ళు వేసింది. గనియ్య తిట్టాడు. మిగతావాళ్ళూ తిట్టారు. మొగుణ్ణీ బిడ్డనీ మింగావు, మా నోటి కూడు కూడా మింగుతావా అన్నారు. ఆ మాట మరిడి విన్నది. తర్వాత నెమ్మదిగా అంది.

"గాలి ఆగలేదు బావా. ఊపిరి పీల్చుకుంటంది."

అప్పుడు మూడోది పిలిచింది.

"ముత్యాలూ, తలుపు తియ్యి."

దానయ్య గొంతు. తలుపుకు అవతల, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ముత్యాలు ఒక్క ఉదుటున లేచింది.

"ముత్యాలూ, తలుపు తియ్యి." అదే మాట, అదే తీరు. ముత్యాలు గోళ్ళతో చెక్కను గీకింది.

"ముత్యాలూ, తలుపు తియ్యి."

"అత్తా, నీ కాళ్ళు మొక్కుతాను, విప్పు," అని ఏడ్చింది ముత్యాలు. "మా ఆయన నీ పక్కనే ఉన్నాడు."



"ముత్యాలూ," అంది మరిడి, "నేను ఈ తలుపుకే వీపు ఆనించి కూకున్నాను. ఇక్కడ ఎవులూ లేరమ్మా."

ఇంట్లో మేకలు కూడా గమ్మున అయిపోయాయి.

"నాకూ ఇనబడతంది. నాకు నా బిడ్డ గొంతు. నేను పలకనేదు తల్లీ. నువ్వూ పలక్కు."

గనియ్య తలుపు లాగడం మానేశాడు. ముడి విప్పి నువ్వూ లోపలికి వచ్చెయ్యి, ఎలాగో జరుగుతాం అన్నాడు. జరుగుతాం అన్న మాట ఆ నోట అప్పుడొచ్చింది.

"విప్పితే ముత్యాలు ఆగదు బావా," అంది మరిడి. "ఆయేళ నేనూ ఆగనేదు."

అదే ఆమె ఆఖరి మాట. గాలి తిరిగి వచ్చింది. ఈసారి సముద్రం వైపు నుంచి వచ్చింది, సముద్రాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. అరుగు మీద గోడ చాటు లేదు. నీళ్ళు తలుపును గుద్దాయి. గడప కింద నుంచి ఉప్పునీరు లోపలికి పాకింది. బయట తాడు కిర్రుమంది, కిర్రుమంది, కిర్రుమంది, తెగలేదు. ముత్యాలు రెండు చేతులూ తలుపుకు ఆనించి, అవతల ఆనిన వీపు కోసం వెతుకుతున్నట్టు చెక్కను తడుముతూనే ఉంది.

పొద్దు వాలే వేళకు గాలి పోయింది. ఎవరూ కదల్లేదు. పోయిందని ఎవరు నమ్ముతారు?

తలుపు మీద టక్కుమంది. పలకలేదు. మళ్ళీ టక్కుమంది. పలకలేదు. మూడోసారి టక్కుమని, తలుపు రెక్క తనంత తానే బెత్తెడు లోపలికి జరిగింది.

బయట ఎవరూ లేరు. అరుగు సగం కోసుకుపోయింది. గడప మీద తాడు ఉంది. తెగిన తాడు కాదు, విప్పిన తాడు. మరిడి ఎలా చుడుతుందో అలా గుండ్రంగా చుట్టి పెట్టి ఉంది. ముత్యాలు వంగి ముట్టుకుంది. ఊరంతా నీళ్ళు కారుతుంటే, ఆ తాడు పొడిగా ఉంది.

మరిడి ఊరికి అవతల, ఉప్పుటేరు మలుపులో దొరికింది. పిడికిళ్ళలో పీచు. ఊరి మంత్రసాని ఆమె ఒళ్ళు చూసి, తిరిగొచ్చిన గాలి మొదటి దెబ్బకే ప్రాణం పోయిందని చెప్పింది. మరి ముడి విప్పిందెవరని ఎవరూ అడగలేదు. ఇప్పటికీ అడగరు.

మూడోనాడు దానయ్య నడుచుకుంటూ వచ్చాడు. నువ్వు తలుపు దగ్గరికొచ్చి పిలిచావా అని అడిగారు. తాను రాలేదన్నాడు. గాలి వేళకు దక్షిణాన ఏదో పరాయి ఊళ్ళో ఒడ్డున పడ్డాడట. అక్కడ ఎవరిదో ఇల్లు. కిక్కిరిసిన జనం. మొహం తెలియని మనిషని కూడా చూడకుండా, కాసింత జరిగి చోటిచ్చారట.

ఆ మాట విని గనియ్య కూలబడిపోయాడు. తర్వాత లేచి, వలలన్నీ ఈడ్చుకెళ్ళి బయట పారేశాడు. మళ్ళీ ఎన్నడూ లోపలికి తేలేదు.

ఆ తీరంలో ఇప్పటికీ తుఫాను వేళ వలలు బయటే తడుస్తాయి. తలుపు గడియకు ఒక పీచు పోగు కడతారు. మధ్యలో గాలి ఆగి, ఎండ కాసి, ఎవరైనా లేవబోతే, "మరిడి ఇంకా ముడి విప్పలేదు, కూకో" అంటారు. ఎంతమంది చేరినా తలుపు పక్కన ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంచుతారు. కొన్నిసార్లు ఆ చోట తడి కనబడుతుందట, ఎవరో తడిబట్టలతో కూర్చుని లేచినట్టు. పిల్లలు భయపడరు. కాళ్ళు ముడుచుకుంటారు, అంతే.

కథ కంచికి పోతే పోనీ. గాలి తీరేదాకా మనం మాత్రం ఇంట్లోనే. అదుగో, తలుపు దగ్గర ఎవరో ఉన్నట్టున్నారు. కాసింత జరగండమ్మా.