బాజీ ఉస్తాద్ టెస్ట్ ల్యాంపు

సువార్తకి ఓపిక అయిపోయింది.

చిలకలూరిపేట బైపాస్ పక్కన, బాజీ ఉస్తాద్ షెడ్డులో కార్ల కరెంటు పని నేర్చుకుంటోంది ఆ అమ్మాయి. నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయిందని ఆవిడగారి అభిప్రాయం. నరసరావుపేటలో మేనమామ షెడ్డు చూసి ఉంచాడు. బోర్డు మీద పేరు కూడా రాయించేశాడు. ఇక కావలసింది ఒక్కటే, ఉస్తాద్ చేతి టెస్ట్ ల్యాంపు.

అదేం వజ్రం కాదు. చివర సూది, మధ్యలో చిన్న బల్బు, వెనక తోకలా ఓ వైరు. సూది ఆనించినచోట కరెంటుంటే బల్బు వెలుగుతుంది, అంతే. బజార్లో ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఆ వీధిలో ఓ పద్ధతుంది. పని వచ్చిందని నమ్మితే ఉస్తాద్ తాను వాడే ల్యాంపు తీసి శిష్యుడి చేతిలో పెడతాడు. అది లేకుండా వెళ్లినవాళ్లని "పారిపోయారు" అంటారు. మిగతా మెకానిక్కులు వాళ్లకి ఒక్క బండి కూడా పంపరు.

"ఇవాళ ఇస్తారా, ఇవ్వరా?" పొద్దున్నే అడిగేసింది.

ఉస్తాద్ చొక్కా జేబు తడుముకున్నాడు. ల్యాంపు భద్రంగానే ఉంది.

"ముందు ఆ బండి చూడమ్మాయ్," అన్నాడు.

బండి శేషగిరిది. కార్లు అద్దెకి తిప్పుతాడు. గొంతు ఆయన హారన్ కంటే పెద్దది.

"కొత్త బ్యాటరీ వేయించి నెల కాలేదు. తాళం తిప్పితే టక్కుమంటోంది, అంతే. సాయంత్రం పెళ్లివాళ్లని తిరుపతి తీసుకెళ్లాలి నేను!"

సువార్త షెడ్డులోని బ్యాటరీ నుంచి వైర్లు కలిపి బండి స్టార్టు చేసింది. వైర్లు తీసేసి మీటరు పెట్టింది. పద్నాలుగు వోల్టులు.

"డైనమో బంగారం," అంది, శేషగిరి వైపు కాదు, ఉస్తాద్ వైపు చూస్తూ. "ఛార్జింగ్ బ్రహ్మాండంగా ఎక్కుతోంది. బ్యాటరీయే పుచ్చుది వచ్చింది. మార్పించుకోండి."

ఉస్తాద్ వెళ్లి కార్లో కూర్చున్నాడు. హెడ్‌లైట్లు వేశాడు. ఏసీ వేశాడు. వైపర్లు కూడా వేశాడు. మండుటెండలో అవి కీచుమంటూ దుమ్ము తుడుస్తుంటే, పక్క షెడ్డులో పంక్చర్లు వేసే రామకోటి తొంగిచూశాడు.

"వానొస్తోందా ఉస్తాద్?"

లోడ్ పడేసరికి మీటరులో అంకె దిగడం మొదలైంది. పదమూడు. పన్నెండు. అక్కడా ఆగలేదు.

"ఖాళీగా ఉన్నప్పుడు ఎవరైనా పద్నాలుగే," అని ఉస్తాద్ కారు దిగి, టీ కొట్టుకేసి నడిచాడు.

సువార్త ముఖం బ్రేక్ లైటులా ఎర్రబడింది.

ఇంజను ఆపి బెల్టు నొక్కి చూసింది. బిగుతుగానే ఉంది. వైర్లు కదిపి చూసింది. గట్టిగానే ఉన్నాయి. మళ్లీ స్టార్టు చేసి లైట్లు వేసింది. అంకె మళ్లీ జారింది.

"నేను చెప్పింది తప్పు," అంది శేషగిరితో. తప్పు ఒప్పుకుంటున్నట్టు లేదు, తగువుకి వచ్చినట్టుంది. "బ్యాటరీది కాదు, డైనమోదే. లోపల కార్బన్లు అరిగి ఉంటాయి. విప్పాలి. మధ్యాహ్నం దాకా పడుతుంది."

"ఇందాక బంగారమన్నావు, ఇప్పుడు విప్పాలంటున్నావు! విప్పడం దేనికి? ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకు. బండి ఆగిపోతే డైనమో చెడ్డది, ఆగకపోతే మంచిది. మా పాత మెకానిక్కు క్షణంలో తేల్చేసేవాడు."

"పాత జీపులకి చెల్లింది. దీన్లో కంప్యూటరుంది. నడుస్తుండగా పీకితే వోల్టేజి ఎగదన్ని అది కాస్తా కాలిపోతుంది. నేను పీకను."

"అమ్మాయికి భయం," అన్నాడు రామకోటి, అడక్కపోయినా.

అంతలో ఉస్తాద్ టీ గ్లాసుతో తిరిగొచ్చాడు.

"బాజీ భాయ్, మీరైనా చెప్పండి!" అన్నాడు శేషగిరి.

ఉస్తాద్ టీ ఊదుకున్నాడు. "పీకు మరి," అన్నాడు.

సువార్త ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నవ్వడం లేదు.

"నేను చేరిన రోజు ఇదే పని చేయబోతే చేతి మీద కొట్టింది మీరు కాదా?"

"అప్పుడు కొట్టాను. ఇప్పుడు పీకమంటున్నాను. ఉస్తాద్ ఎవరు? నువ్వా, నేనా?"

"మీరే."

"అయితే పీకు."

"పీకను."

"మీ మామ బోర్డు రాయించాడన్నావు."

"తుడిపించుకుంటాడు."

"ల్యాంపు ఇవ్వను."

"ఉంచుకోండి. దిండు కింద పెట్టుకుని పడుకోండి."

"వీధంతా నిన్ను పారిపోయిందంటారు."

"ఎక్కడికీ వెళ్లకుండా ఎలా పారిపోతానండీ!"

శేషగిరి విసుగెత్తి తనే టెర్మినల్ మీదికి చెయ్యి చాపాడు. సువార్త అడ్డంగా నిలబడింది.

"బండి మీదే, కాదనను. కాల్చుకోవాలని అంత సరదాగా ఉంటే రోడ్డు మీదికి నెట్టుకెళ్లి కాల్చుకోండి. నా ముందు మాత్రం కుదరదు."

కార్లోకి వంగి ఇంజను ఆపేసింది. తాళం తీసి తన జేబులో వేసుకుంది. మీటరు కూడా ఆపి బెంచీ మీద పెట్టింది. ఆ తర్వాత పదో నంబరు పానా తీసుకుని, ఆగిన బండి టెర్మినల్‌ని నింపాదిగా విప్పి పక్కకి పెట్టింది.

రామకోటి నోరు మూసుకున్నాడు, అది ఆ వీధిలో వింతే.

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టాడు. జేబులోంచి ల్యాంపు తీసి, సూది చొక్కా అంచుకి తుడిచి, సువార్త జేబుకి తగిలించాడు.

"ఫుల్ లోడ్‌లో పద్నాలుగు," అన్నాడు.

శేషగిరి బెంచీ మీదికి వంగి మీటరు చూశాడు. "ఎక్కడండీ పద్నాలుగు? ఇది ఆపేసి ఉంటేనూ!"

సువార్త అప్పటికే తల బానెట్‌లో పెట్టి డైనమో బోల్టు వెతుకుతోంది. తల ఎత్తకుండానే చెయ్యి వెనక్కి చాపింది.

"పదమూడో నంబరు పానా ఇటివ్వండి ఉస్తాద్."

బాజీ ఉస్తాద్ వెతికి అందించాడు.