చేటదీవి తవిటమ్మ పరుగు

అనగనగా, మా అవ్వకి అవ్వ పుట్టకముందు, ఏడు సముద్రాల్లో ఆఖరి సముద్రం నడుమ ఒక దీవి ఉండేది. చేటంత దీవి. అందుకే దాన్ని చేటదీవి అనేవారు. చేటంతదైనా అదీ ఒక దేశమే. దానికో జెండా ఉంది, ఒక పెద్ద ఉన్నాడు, ఒకే ఒక్క మంచినీళ్ళ బావి ఉంది.

బావి దీవికి ఈ కొసన. ఊరు ఆ కొసన. రోజుకి మూడుసార్లు బావి నుంచి ఊరికి నీళ్ళు మోసే మనిషి తవిటమ్మ. ఆమెకి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. ఈ పిల్లయినా దక్కాలని తల్లి ఆమెని చేటెడు తవుడుకి పొరుగింటికి అమ్మి, మళ్ళీ తెచ్చుకుంది. అలా తవిటమ్మ అయింది. పిల్ల దక్కింది, తల్లి దక్కలేదు. కట్టుకున్నవాడు వేటకెళ్ళి సముద్రంలోనే ఉండిపోయాడు. కడుపు పండలేదు. ఊరందరికీ ఆమె 'నీళ్ళామె'. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, ఆఖరికి ఎవరూ మిగల్లేదు.

ఆ కాలంలో నాలుగేళ్ళకోసారి దేశాలన్నీ ఒకచోట చేరి పందేలు ఆడేవి. పరుగులు, కుస్తీలు, ఈతలు, బల్లేలు విసరడాలు. పందేలకు ముందు ఒక పెద్దాయన పట్టీ విప్పి ఒక్కో దేశం పేరూ చదివేవాడు. వచ్చిన దేశం పేరు పట్టీలో ఉంటుంది. రాని దేశం పేరు కొట్టేస్తారు. ఒకసారి కొట్టేస్తే మళ్ళీ ఎక్కించరు. బయలుదేరి పందెం సగంలో వదిలేసినా రానట్టే లెక్క. ఆఖరి గుంజ ముట్టుకోవాలి.

చేటదీవి మొదటిసారి ఏడుగురిని పంపింది. ఏడుగురూ ఓడారు. రెండోసారి ముగ్గురిని పంపింది. ముగ్గురూ ఓడారు. మూడోసారి పిలుపు పడవ వచ్చింది.

దీవిపెద్ద గవరనాయుడు అందరినీ కూడేసి అడిగాడు. "ఎవులెల్తారు?"

మగాళ్ళంతా ఇసకలోకి చూశారు.

"ఎవులెల్తారర్రా?"

నవ్వించుకోడానికి అంత దూరం ఎందుకని ఒకడు గొణిగాడు.

మూడోసారి అడిగేలోపు తవిటమ్మ బిందె దించింది. "నానెల్తాను బాబూ."

"నువ్వా? నువ్వేటి సేస్తావే అక్కడ?"

"దినామూ నడిసేదాన్నే కదా. రవ్వంత బిగిన నడిస్తే పరుగే. పిలిసీసరికి పలికీవోలు నేకపోతే పేరుండీ నేకపోయినట్టే బాబూ. నాకు తెలుసు."

ఆ మాట ఆయనకి సగమే అర్థమయింది. అయినా ఇంకెవరూ లేరు గనక జెండా చేతికిచ్చి పంపాడు.

నలభై రోజుల ప్రయాణం. అక్కడ ఒక్కో దేశం వాళ్ళు వందమంది, రెండొందలమంది. వాళ్ళ వంటలు వాళ్ళవి, పాటలు వాళ్ళవి. తవిటమ్మ పొయ్యి దగ్గర ఆమె ఒక్కతే. ఉదయం లేచి తన భాషలో తనే "లేసినావా?" అని అడుక్కుని, "లేసినాను" అని తనే చెప్పుకునేది. లేకపోతే మాట మర్చిపోతానేమోనని భయం.

పందెం చాలా దూరం. కొండ చుట్టూ, ఏరు చుట్టూ, ఊరు చుట్టూ. తవిటమ్మ ఆఖరున వచ్చింది. గుంజ ముట్టుకుంది. జనం నవ్వారు. పెద్దాయన పట్టీలో చేటదీవికి ఎదురుగా ఇంకో చుక్క పెట్టాడు.

ఇంటికొచ్చాక గవరనాయుడు అడిగాడు. "గెలిసినావేటే?"

"నేదు బాబూ."

"మరేటి సేసినావు?"

"ఎల్లినాను. పరుగెట్టినాను. ఒచ్చినాను."

"సరే" అన్నాడు ఆయన. తవిటమ్మ బిందె ఎత్తుకుంది.

నాలుగేళ్ళకి మళ్ళీ పడవ వచ్చింది. మళ్ళీ ఆమే వెళ్ళింది. ఆఖరున వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అసలు ఆమె వైపు ఎవరూ చూడలేదు. అంతకంటే నవ్వే నయమనిపించింది ఆమెకి.

ఇంటికొచ్చాక గవరనాయుడు వల అల్లుతూ తలెత్తకుండా అడిగాడు. "గెలిసినావేటి?"

"నేదు బాబూ. ఎల్లినాను. పరుగెట్టినాను. ఒచ్చినాను."

మరో నాలుగేళ్ళకి తవిటమ్మ తల నెరిసింది. మోకాలు వాచింది. అయినా ఆమే వెళ్ళింది.

కొండ దిగుతుంటే ఆ మోకాలు మడతపడింది. పడిపోయింది. అందరూ దాటిపోయారు. వాళ్ళ అడుగుల చప్పుడు దూరమయింది, తర్వాత అదీ లేదు. తవిటమ్మ చాలాసేపు అక్కడే కూర్చుంది. ఇక్కడే ఉండిపోతే నా కోసం ఎవరొస్తారు అనుకుంది. ఎవరూ రారు. చేటదీవి కోసం ఎవరొస్తారు అనుకుంది. ఎవరూ రారు. అప్పుడు ఒక కర్ర విరిచి లేచింది.

ఏరు దాటేసరికి ఎండ వాలింది. ఊరు చుట్టి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. మైదానంలో మనిషి లేడు. పందిళ్ళు విప్పేశారు. గుంజలన్నీ పీకేశారు. ఒక్క గుంజ మిగిలింది. అది పీకకుండా దాని మొదట్లో పట్టీ పెద్దాయన కూర్చున్నాడు. పక్కన పనివాళ్ళు విసుక్కుంటూ నిలబడ్డారు.

తవిటమ్మ కర్ర వదిలేసి గుంజ రెండు చేతులా పట్టుకుంది.

పెద్దాయనకి అన్ని దేశాల మాటలూ కాస్త కాస్త వచ్చు. "అమ్మా, దేశం పేరు రాసుకున్నాను. నీ పేరేమిటి?" అని అడిగాడు.

ఆమె వెంటనే చెప్పలేకపోయింది. ఆ పేరు నోటితో పలికి ఎన్నేళ్ళయిందో.

"తవిటమ్మ" అంది కాసేపటికి.

"తవిటమ్మ" అన్నాడాయన కూడా, రాసుకుంటూ.

ఆమె గుంజకి తల ఆనించి ఏడ్చింది.

ఈసారి ఇంటికొచ్చాక గెలిచావా అని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదే. అడగలేదు. మూడేళ్ళు కుంటుకుంటూ నీళ్ళు మోసి, ఒక వానాకాలం ముసురులో కన్నుమూసింది. నలుగురు మోశారు. తర్వాత బావి దూరమని తెలిసి ఊరు వంతులేసుకుంది.

పిలుపు పడవ వచ్చింది. ఈసారి అందులో పట్టీ పెద్దాయన ఉన్నాడు, బాగా ముసలివాడై. పడవ దిగుతూనే అడిగాడు. "తవిటమ్మ ఎక్కడ?"

ఒడ్డున అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పేరు ఎవరిదో గవరనాయుడికి గుర్తు రావడానికి కాసేపు పట్టింది.

"నీళ్ళామా? పోయింది బాబూ. ఆర్నెల్లయింది."

పెద్దాయన అక్కడే ఇసకలో చతికిలబడ్డాడు. సంచిలోంచి పట్టీ తీసి విప్పాడు. ఎంతో పెద్ద దేశాల పేర్లు కొట్టేసి ఉన్నాయి. వందలమందిని పంపి, ఓడి, అలిగి మానేసిన దేశాలు. చేటదీవి పేరు మాత్రం ఉంది. దాని ఎదురుగా ఐదు చుక్కలు.

"ఆఖరి మూడూ ఆమెవే" అన్నాడు. కొండ గురించి, కర్ర గురించి, గుంజ గురించి చెప్పాడు. "ఆమె వచ్చేసరికి మైదానంలో మీవాళ్ళు ఒక్కరూ లేరు. ఏ దేశంవాళ్ళూ లేరు."

గవరనాయుడు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత ఒక అమ్మాయి లేచి "నానెల్తాను" అంది. దాని వెనక ఇంకొకడు. పొద్దు తిరిగేసరికి పదకొండుమంది లేచారు.

ఆ పదకొండుమందీ ఓడారనే చెబుతారు. కానీ ఓడినవాళ్ళు ఇళ్ళకి పోలేదు. ఆఖరి మనిషి వచ్చేదాకా గుంజ దగ్గర నీళ్ళచెంబుతో నిలబడ్డారు. ఆ మనిషి ఏ దేశమో వాళ్ళకి తెలీదు. పేరడిగి, ఆ పేరు గట్టిగా పిలిచారు.

చేటదీవి వాళ్ళు ఇప్పటికీ అంతే. ఎవరు గెలిచినా, ఎంత చీకటిపడినా, ఆఖరి కాలు లోపల పడేదాకా మైదానం వదలరు. ఇళ్ళల్లోనూ అంతే. భోజనాల బంతిలో కూర్చున్నాక ఒకరి విస్తరి ఖాళీగా ఉండగానే ఎవరైనా తొందరపడి ముద్ద కలిపితే, పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుంటారు.

"ఆగు, తవిటమ్మ ఇంకా రాలేదు" అంటారు.